తాళం నాకాడే ఉండాల

పొద్దున ఆరు గంటలకు తిరుమలమ్మ ఫోను చేతులు మారడం మొదలుపెడుతుంది.

ముందు భర్త సుబ్బన్న తీసుకుంటాడు. తిరుపతి బస్టాండు నుంచి తిరుచానూరుకు ఆటో తోలే అతని ఫోను అద్దం పగిలి మూడు నెలలైంది. స్టాండువాళ్ళ గ్రూపులో ఏముందో భార్య ఫోనులో చూసుకుంటే గాని ఇంట్లోంచి కదలడు. తరవాత కూతురు కోమలి. బీఎడ్ చదువుతున్న ఆ పిల్లకు నెట్టు ఎప్పుడూ చాలదు, అమ్మ ఫోను నుంచి కలుపుకుంటుంది. ఆఖరున కొడుకు లోకేష్. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని అతనిది. ఇంటికి సంబంధించిన ఓటీపీలన్నీ అమ్మ నంబరుకే వస్తాయి, ఎందుకంటే ఇంట్లో అన్నిటికన్నా పాత నంబరు అదే.

"అమ్మా, ఓటీపీ వచ్చిందా చూడు" అన్నాడు లోకేష్ ఆ రోజు కూడా, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నువ్వే చూసుకో నాయనా, నా చేతికి పిండి అంటింది" అంది తిరుమలమ్మ, దోసెల రాయి దగ్గర నుంచి.

ఆ ఫోను లోకేష్ వేలికి తెరుచుకుంటుంది, కోమలి వేలికి తెరుచుకుంటుంది. తిరుమలమ్మ వేలికి మాత్రం తెరుచుకోదు. పదకొండేళ్ళుగా తిరుచానూరులో ఒక లాడ్జీలో రూములు సర్దుతోందామె. ఫినాయిలూ బ్లీచింగు పొడీ వేలికొసల మీది గీతలను చెరిపేశాయి. ఫోను కొన్న రోజు లోకేష్ ఆమె బొటనవేలిని పదిసార్లు నొక్కించి చూసి, "పోనీలేమ్మా, నంబరు పెట్టినాను. నా పుట్టినరోజే. నువ్వు మర్చిపోవు" అన్నాడు. ఆమె మర్చిపోలేదు.

ఆ రోజు లాడ్జీలో సగం పూటే పని. మిహిర అనే ఫోన్ల కంపెనీ తిరుచానూరులో ఒక కల్యాణమండపం తీసుకుని జనాన్ని పిలిచింది. రాబోయే ఫోన్లలో ఏముండాలో వాడేవాళ్ళనే అడిగి తెలుసుకుంటారట. లాడ్జీ మేనేజరు తన దగ్గర పనిచేసేవాళ్ళలో ముగ్గురిని పొమ్మన్నాడు. కాలేజీకి సెలవు కాబట్టి కోమలి కూడా అమ్మతో వెళ్ళింది.

మండపంలో ఎనభై మందిదాకా ఉన్నారు. మైకు పట్టుకున్న అమ్మాయి పేరు కృపారాణి. చిత్తూరు పిల్లే, బెంగుళూరులో కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. "మీకు ఏం కావాలో చెప్పండి. అది అయ్యే పనా కాదా అన్నది మేము చూసుకుంటాం. మీరు అడగడానికి మొహమాటపడొద్దు" అంది.

మొదట కుర్రకారు లేచారు. కెమెరా, చార్జింగు, మడతపెట్టే ఫోను. తరవాత గుడి ముందు పూలమ్మే గంగులమ్మ మైకు లాక్కున్నంత పని చేసింది.

"మేము పొద్దస్తమానం పూలమీద నీళ్ళు చల్లతా ఉంటాం. తడి చేత్తో ముట్టుకుంటే నా ఫోను పలకదు. లేకపోతే దాని ఇష్టమొచ్చినోళ్ళకు అదే ఫోను చేస్తాది. మొన్న మా వియ్యపురాలికి చేసింది. మేము ఆమె గురించే మాట్లాడుకుంటా ఉండాం!"

మండపం గొల్లున నవ్వింది. పూతలపట్టు నుంచి వచ్చిన చిన్నబ్బ అనే మామిడి రైతు నిదానంగా లేచాడు. "నేను ఫోనుతో మాట్లాడితే దానికి అర్థం కాదమ్మా. మా మనవడేమో టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడు తాతా అంటాడు. నా ఫోనుకాడ నేను పరాయోడి మాదిరి మాట్లాడాల్నా?"

కృపారాణి ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, తిరుమలమ్మ లేచి నిలబడింది. కోమలి ఆశ్చర్యపోయింది. అమ్మ నలుగురిలో లేచి మాట్లాడటం తను ఎప్పుడూ చూడలేదు. వెంటనే తన ఫోను తీసి వీడియో పెట్టింది.

"నాకు ఫోన్లో ఒక రూము కావాల" అంది తిరుమలమ్మ.

"రూమంటే, అమ్మా?"

"మా లాడ్జీలో రూము తీసుకున్నోళ్ళు లోపలికి పోయి గడి పెట్టుకుంటారు. లోపల ఏముండాదని మేము అడగం. అట్లాంటిది ఒకటి. దాని తాళం నేనే వేసుకోవాల, నేనే తీసుకోవాల. ఫోను కొనిచ్చినోళ్ళు గాని, ఫోను నేర్పించినోళ్ళు గాని తీయలేకుండా ఉండాల. నాకు వేలిముద్రలు పడవు. ఇంగ్లీషు రాదు. నా మాదిరోళ్ళకు గూడా అయ్యేట్టు ఉండాల. తాళం నాకాడే ఉండాల."

వెనక ఎవరో "ఏం దాస్తావు పెద్దమ్మా?" అన్నారు. మళ్ళీ నవ్వులు. కృపారాణి మాత్రం నవ్వలేదు. తిరుమలమ్మ పేరు, ఇంటి చిరునామా అడిగి రాసుకుంది.

సాయంత్రం కోమలి ఆ వీడియోను ఇంట్లో అందరికీ చూపించింది. అమ్మ ధైర్యాన్ని మెచ్చుకుంటారనుకుంది. సుబ్బన్న మాత్రం చూడటం అయ్యాక తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మనింట్లో దాచుకునేదానికి ఏముండాది మే?" అన్నాడు.

"ఏమీ లేదు" అంది తిరుమలమ్మ, కంచాలు వేస్తూ.

"ఏమీ లేనిదానికి తాళమెందుకు?"

లోకేష్ తేలిగ్గా నవ్వేశాడు. "ఇప్పుడుండే ఫోన్లలోనే ఉండాది నాయనా అది. దానికి కంపెనీవోళ్ళను అడగాల్నా? అమ్మా, ఇట్లా ఇయ్యి, రెండు నిమిషాల్లో పెట్టిస్తా."

"నువ్వు పెడితే ఆ నంబరు నీకు తెలుస్తాది గదా" అంది ఆమె.

మామూలుగానే అంది, కోపంగా కాదు. కానీ లోకేష్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మరుసటి రోజు నుంచి ఆ ఇంటికి కొత్త రోగం పట్టుకుంది. పొద్దున నెట్టు కలుపుకునే నెపంతో కోమలి అమ్మ ఫోనులో ఎవరెవరు కాల్ చేశారో చూసింది. లాడ్జీ సూపర్‌వైజరు, తను, అన్న, గ్యాసు ఏజెన్సీ. అంతే. సుబ్బన్న ఫోటోలు వెతికాడు. కోమలి హాల్‌టికెట్టు, లోకేష్ ఆధార్ కార్డు, ఆటో ఇన్సూరెన్సు కాగితం, అందరూ కలిసి తీసుకున్న పండగ ఫోటోలు. తిరుమలమ్మ తీసుకున్నది అనిపించే ఫోటో ఒక్కటీ లేదు. లోకేష్ ఇంకా లోతుకు పోయి వెతికాడు, అతనికీ ఏమీ దొరకలేదు.

ఏమీ దొరక్కపోవడమే వాళ్ళను మరీ ఇబ్బంది పెట్టింది. ఆటో తోలుతూ సుబ్బన్న అదే ఆలోచించాడు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో, డాక్టరు చీటీలు దాస్తోందేమో. పుట్టింటివాళ్ళతో ఏదైనా గొడవేమో. తన మీదే ఏదైనా మనసులో పెట్టుకుందేమో. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తనకు తెలియనిది ఆమె దగ్గర ఏదో ఉందన్న ఊహ అతనికి ఇంతకుముందు ఎన్నడూ రాలేదు. అడుగుదామని నాలుగుసార్లు నోరు తెరిచి, నాలుగుసార్లూ కూర గురించి మాట్లాడి ఊరుకున్నాడు.

ఆదివారం కృపారాణి ఇంటికే వచ్చింది. మండపంలో విన్నవాటిలో కొన్నిటిని ఎంచుకుని, ఆ మనుషులతో కూర్చుని వివరంగా మాట్లాడి రమ్మన్నారట. ముందుగదిలో ఆమెకు కుర్చీ వేశారు. మిగతావాళ్ళు మంచం మీదా గుమ్మంలోనూ సర్దుకున్నారు.

"తిరుమలమ్మగారూ, మీరు రోజులో ఎంతసేపు ఫోను చూస్తారు?"

"అమ్మ అంత చూడదక్కా" అంది కోమలి.

"ఫోన్లో మీకు ఇబ్బందిగా అనిపించేది ఏమైనా ఉందా?"

"ఇబ్బందేముండాది? ఏదైనా అయితే నేను చూసిస్తా" అన్నాడు లోకేష్.

"ఆ రూములో మీరు ఏం పెట్టుకోవాలనుకుంటున్నారు?"

"దానికేం తెలుసమ్మా" అన్నాడు సుబ్బన్న. "ఆడ అందురూ అడగతా ఉంటే, తనూ ఏదో ఒకటి అడగాలని అడిగింటాది."

కృపారాణి కలం ఆపి తిరుమలమ్మ వైపే చూస్తూ కూర్చుంది. తిరుమలమ్మ చీర కొంగు సర్దుకుంది.

"మీరందరూ కాసేపు బయటికి పోతే చెప్తాను."

ఎవరూ కదల్లేదు. ఆమె మళ్ళీ చెప్పలేదు, ఎదురుచూసింది. మొదట కోమలి లేచింది, తరవాత లోకేష్. సుబ్బన్న చెప్పులు వేసుకోవడానికే చాలాసేపు పట్టింది. వెనక తలుపు మూసుకుంది, గడియ పడిన చప్పుడు వినిపించింది.

తన ఇంటి ముందు తను నిలబడి ఉండటం సుబ్బన్నకు వింతగా ఉంది. ఎదురింటి గ్రేసీ బట్టలు ఆరేస్తూ, "ఏమన్నా, అందురూ బయట ఉండారు?" అంది. "ఊరికే" అన్నాడతను. గంట కావొచ్చింది. లోపలినుంచి ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ రాలేదు. లోకేష్ ఒకసారి కిటికీ వైపు నడవబోయాడు గాని, చెల్లెలు అన్న చొక్కా పట్టుకుని ఆపింది.

కృపారాణి బయటికి వచ్చేటప్పటికి ఆమె నోటుపుస్తకం మూసే ఉంది. ఒక్క ముక్క కూడా రాసుకోలేదని కోమలి తరవాత గుర్తుచేసుకుంది.

"ఏం చెప్పిందమ్మా?" అని అడిగాడు సుబ్బన్న, గొంతు తగ్గించి.

"చెప్పనని మాటిచ్చినాను అన్నా" అంది కృపారాణి. "కంపెనీ చేస్తాదో లేదో చెప్పలేను. ఆమెకు ఎందుకు కావాలో నాకు మాత్రం బాగా అర్థమైంది." చెప్పులు వేసుకుని, ఆగి, "మీరు గూడా ఆమెనే అడగండన్నా" అని వెళ్ళిపోయింది.

సుబ్బన్న లోపలికి వచ్చాడు. వారం రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"ముప్ఫై ఏండ్లు నీతో కాపురం చేసినోడికి చెప్పంది, నిన్న మొన్న చూసిన పిల్లకు గంటసేపు చెప్తావా? ఈదిలో నిలబెట్టినావు మమ్మల్ని! ఏముండాది నీకాడ, మాకు తెలియకూడనిది?"

"నాకాడ ఇప్పుడు ఏమీ లేదు" అంది తిరుమలమ్మ. "ఉన్నిందంతా పోయింది."

"ఏం పోయింది?"

ఆమె లోకేష్ వైపు చూసింది. "రెండు నెలల కిందట ఫోను నిండిపోయిందని సర్దినావు గదా నాయనా. ఆ పొద్దు పోయినాయి."

లోకేష్‌కు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. మెమరీ కార్డులో అరవై పైచిలుకు వాయిస్ రికార్డింగులు. పేర్లు లేవు, ఊరికే అంకెలు. సంచిలో నొక్కుకుపోయి రికార్డయినవి అనుకున్నాడు. అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని తీసేశాడు.

"అవి... నువ్వు చేసినవా అమ్మా?"

"కోమలికి వాయిస్ మెసేజి పెట్టబోయి ఒకనాడు వేరేది నొక్కినాను. తరవాత అది నాకే ఇనిపించింది. నా గొంతు నాకు బయటినుంచి ఇనపడడం అదే మొదలు. ఎవురో మంచిగా మాట్లాడతా ఉండారే అనుకున్నా." ఆమె చేతిలోని నీళ్ళ గ్లాసును కింద పెట్టింది. "ఆ నుంచి రోజూ మధ్యాన్నం లాడ్జీ మేడమీదికి పోయి, దుప్పట్లు ఆరేసినాక, ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఐదు నిమిషాలు. దినమంతా ఆ ఐదు నిమిషాల కోసం చూస్తా ఉండేదాన్ని."

"నేను ఒకటి ఇన్నానమ్మా" అన్నాడు లోకేష్, దోషిలా. "గాలి చప్పుడే వచ్చింది. అందుకే..."

"మేడమీద గాలి ఎక్కువ. ఇంకొంచెంసేపు ఇనుంటే నేనే ఇనపడుంటాను."

"అప్పుడే చెప్పకూడదా అమ్మా? నన్ను తిట్టకూడదా?"

"ఏమని చెప్పేది? చెప్తే అవేందో చెప్పాల గదా."

సుబ్బన్న అడిగాడు, ఈసారి కోపం లేకుండా. "నా గురించేనా మే? చెప్పుకున్నిందంతా?"

తిరుమలమ్మ జవాబు ఇవ్వకుండా బియ్యం కడగడానికి వెళ్ళింది.

ఆ జవాబు రాకపోవడం సుబ్బన్నను కుదిపేసింది. తనకు గుర్తున్న తప్పులన్నీ ఒక్కొక్కటిగా ముందుకొచ్చాయి. ఆమె చెల్లెలి పెళ్ళికి పంపని సంగతి, ఆమెకు జ్వరంగా ఉన్నప్పుడు తను ఆటోవాళ్ళతో తలకోన పోయిన సంగతి. అరవై రికార్డింగుల నిండా అవే ఉంటాయని తీర్మానించుకున్నాడు. లోకేష్ కూడా అలాగే అనుకున్నాడు, తన వంతు తప్పులతో.

సోమవారం షిఫ్టు అయ్యాక లోకేష్ ఆ మెమరీ కార్డు ఉన్న అమ్మ ఫోను పట్టుకుని తిరుపతిలో ఫోన్లు రిపేరు చేసే స్నేహితుడు మోహన్‌కృష్ణ దగ్గరికి వెళ్ళాడు. పొద్దునే అమ్మను అడిగి తీసుకున్నాడు. "తిరిగొస్తాయేమో చూస్తానమ్మా" అంటే, ఆమె ఫోను ఇచ్చింది.

మోహన్‌కృష్ణ రెండు గంటలు కుస్తీ పట్టాడు. "అన్నీ రావప్పా. వాటిమీద మీరు వేరేవి నింపేసినారు. పంతొమ్మిది వచ్చినాయి" అని, "పనిచేస్తాయో లేదో" అంటూ ఒకదాన్ని నొక్కాడు. రెండు క్షణాలు. లోకేష్ చెయ్యి చాపి ఆపేశాడు.

"ఎవురిదిరా ఆ గొంతు?" అన్నాడు మోహన్‌కృష్ణ.

లోకేష్ ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పటికి ఐదున్నర. తిరుమలమ్మ ఇంకా లాడ్జీ నుంచి రాలేదు. కార్డు వేసిన ఫోను మంచం మీద పెట్టుకుని ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు.

"ఒక్కటి ఇందామా అన్నా?" అంది కోమలి. "అమ్మకు ఏమైనా బాధ ఉంటే మనకు తెలియాల గదా."

లోకేష్ తండ్రి వైపు చూశాడు. సుబ్బన్న ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పంతొమ్మిది వరసలు. భార్య తన గురించి ఏమనుకుంటోందో తెలుసుకోవడానికి ఒక్కసారి నొక్కితే చాలు. వినాలని అతనికి ఎంత ఉందో, వినడానికి అంత భయంగానూ ఉంది. చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చుని, చివరికి బోర్లించి పెట్టాడు.

"వద్దు. ఆమె మనల్ని బయటికి పొమ్మనింది. బయటే ఉండాం."

తిరుమలమ్మ వచ్చి కాళ్ళు కడుక్కున్నాక లోకేష్ ఫోను ఆమె చేతికిచ్చాడు.

"అన్నీ దొరకలేదమ్మా. పంతొమ్మిదే వచ్చినాయి. మేమెవురమూ ఇనలేదు. పనిచేస్తాదా లేదా అని మోహన్‌కృష్ణ ఒకదాన్ని నొక్కినాడు. రెండు సెకన్లు. నేను ఆపేసినా."

"ఏమి ఇనినావు?" అందామె.

లోకేష్ తల దించుకున్నాడు. కళ్ళు నిండాయి. "నువ్వు నవ్వినావమ్మా. గట్టిగా, ఆపుకోలేకుండా నవ్వినావు. ఎవురిదిరా ఆ గొంతు అన్నాడు వాడు. అది నువ్వని నాకే తెలియలేదు. అట్లా నవ్వతావని నాకు తెలియదమ్మా."

కోమలి అన్న భుజం మీద చెయ్యి వేసింది. సుబ్బన్న గోడకు ఆనుకుని నిలబడి భార్యనే చూస్తున్నాడు. తిట్లు ఉంటాయనుకున్నాడు, ఏడుపు ఉంటుందనుకున్నాడు. ఇది అనుకోలేదు.

"మరి నా గురించి?" అన్నాడు ఉండబట్టలేక.

"నీ గురించి అంత లేదయ్యా" అంది తిరుమలమ్మ. "రెండో మూడో ఉంటాయి. మిగిలినవన్నీ నేను చూసినవి, నాకు తోచినవి."

సుబ్బన్నకు ముందు బరువు దిగినట్టయింది. తరవాత ఇంకో రకంగా గుచ్చుకుంది. అంత లేదు. ఆమె లోకంలో తనది రెండు మూడు మాటల చోటు, మిగతాదంతా తను ఎన్నడూ అడిగి తెలుసుకోనిది.

లోకేష్ తన ఫోను తీసి అమ్మ పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడుండే దాంట్లోనే తాళం ఎట్లా వేయాలో నా ఫోన్లో చూపిస్తా. నీ ఫోన్లో నువ్వే చెయ్యి. భాష తెలుగుకు మార్చుకో. నంబరు వేసేటప్పుడు నేను చూడను." ఒక్కొక్క మెట్టూ చెప్పాడు. ఆమె మూడుసార్లు తప్పింది, నాలుగోసారి కుదిరింది. నంబరు అడిగినప్పుడు లోకేష్ లేచి గోడవైపు తిరిగాడు, కోమలి కూడా తిరిగింది. సుబ్బన్న కాస్త ఆలస్యంగా తిరిగాడు.

"అయిందా?" అన్నాడు లోకేష్ గోడతోనే.

"ఆఁ, అయింది."

ఫోనును పక్కన పెట్టి తిరుమలమ్మ వాళ్ళ మూడు వీపులనూ కాసేపు చూసింది. వెళ్ళి పొయ్యి వెలిగించాల్సిన వేళ. ఆమె లేవలేదు.

"ఒకటి చెప్తా కావాలంటే" అంది. "కోమలి రెండో తరగతిలో ఉన్నప్పుడు, ఒకనాడు నేను గూడూరు పోయినాను."

ముగ్గురూ ఇటు తిరిగారు.

"గూడూరా? ఎవురున్నారు ఆడ?" అన్నాడు సుబ్బన్న.

"ఎవురూ లేరు. పిల్లోళ్ళు బడికి పోయినారు, నువ్వు ఆటోకు పోయినావు. స్టేషన్లో రైలు నిలబడి ఉన్నింది. ఎక్కినా. అది గూడూరు పోయింది. సాయంత్రానికంతా తిరిగొచ్చి మీకు అన్నం వండినా."

"ఎందుకు పోయినావు మే?"

"రైలు ఆడికే పోతా ఉన్నింది గదా!" అంది తిరుమలమ్మ. అని, తన మాటకు తనకే నవ్వొచ్చి, ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు కొంగును దాటి ఇల్లంతా వినిపించింది. లోకేష్ కళ్ళు తుడుచుకుంటూ, తుడుచుకుంటూనే తనూ నవ్వాడు.

సుబ్బన్న నవ్వలేదు. ఆమెకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. పదిహేనేళ్ళ కిందటి ఆ సాయంత్రం తను అన్నం తిని, కూర బాగుందనో లేదనో అని, నిద్రపోయి ఉంటాడు.

"ఆడ ఏం చూసినావు, తిరుమలా?" అన్నాడు.

అలాంటి ప్రశ్న ఆమెను ఇన్నేళ్ళలో అతను ఎన్నడూ అడగలేదు. తిరుమలమ్మ నవ్వు ఆపి, నిజంగా అడుగుతున్నాడా అన్నట్టు అతని మొహంలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నాడు.

"ప్లాట్‌ఫారం మీద నిమ్మకాయల గంపలు ఉన్నాయి" అని మొదలుపెట్టింది. "ఎన్ని గంపలంటావు..."